సర్కారు ఒప్పుకోదత్తమ్మా

చెల్లే, సంక్రాంతి దగ్గరపడ్డది. మా వాడల ఇప్పుడు ఏ ఇంటి ముంగట నడిచినా నువ్వుల వాసన, వాము వాసన. మొన్న మా ఇంట్ల సకినాలు సుట్టినం. సకినాలు ఒక్కదానితోని అయ్యే పని కాదని నీకెర్కే కదా. బియ్యం నానబెట్టి పిండి పట్టిచ్చుకునుడు ఒక ఎత్తు, బట్ట పరిచి కూసొని వేళ్ళతోని సుట్టుడు ఒక ఎత్తు. ఆరుగురం కూసున్నం. చేతులు ఒకదిక్కు, నోళ్ళు ఒకదిక్కు. ఎవరింట్ల పిల్లను చూసిపోయిన్రు, ఎంత అడిగిన్రు, ఎవరు అలిగిన్రు, పిండి అయిపోయేదాక ఇవే ముచ్చట్లు.

అట్ల మాట్లాడంగ మాట్లాడంగ ఎదురింటి వదినె తన బిడ్డ లగ్గం ఆగిన కథ చెప్పింది. అది విన్నకాడి సంది నా మనసుల అదే తిరుగుతుంది. నీకు చెప్తే గాని నిమ్మలం కాదు.

వాళ్ళ పిల్ల పదో తరగతి పాసయిన ఎండకాలం, అత్తమ్మ పెద్ద ముచ్చట ఎత్తిందట. తన తమ్ముని మనుమడు ఉన్నడు, రెండెకరాల పొలం ఉన్నది, పోరడు మంచోడు, మేనరికం, బయటోళ్ళు కారు, కట్నం కూడ తక్కువల అయితది అని. పెనిమిటి సంగతి సరే, అవ్వ మాట దాటడు. వదినెకు పిల్లను చదివిచ్చుకోవాలని మనసుల ఉన్నది. ఉంటే ఏంది, పద్దెనిమిదేండ్ల సంది ఆ ఇంట్ల ఆమె మాట చెల్లితే కదా. ఆ రాత్రంత నిద్ర పట్టలేదట. తెల్లారి చాయ పోస్తూ అన్నదట: "సర్కారు ఒప్పుకోదత్తమ్మా. పద్దెనిమిది నిండకపోతే కల్యాణలక్ష్మి రాదట. ఆధార్ కార్డుల పుట్టిన తారీఖు ఉన్నది, దాన్ని మనం ఎట్ల మార్చుతం? అంగన్‌వాడీ టీచర్ చెవుల పడితే ఫోన్ కొడ్తదట, పోలీసులు వస్తరట."

పోలీసుల మాటకు ముసలామె భయపడలేదట. లక్ష రాదనంగనే చాయ గ్లాసు కింద పెట్టిందట.

రెండేండ్లు ఆగుదామన్నరు. ఆ రెండేండ్లల్ల ఆ పోరనికి ఇంకో సంబంధం కుదిరింది. పిల్ల ఇంటర్ అయి ఇప్పుడు కరీంనగర్ల నర్సింగ్ రెండో ఏడు చదువుతుంది. వదినె సకినం సుట్టుకుంటనే, తల ఎత్తకుంట అన్నది: "పిల్ల చదువుకుంటది అంటే నా మాట ఎవరు వింటరక్కా? లక్ష పోతది అన్న, విన్నరు."

మేమందరం నవ్వినం. నవ్వినంక నాకు నవ్వు రాలె.

ఎందుకంటే చెల్లే, ఆచారాలు మార్చుడు సర్కారు పనా, మన పనా అని పేపర్లల్ల, టీవీలల్ల పెద్ద పెద్దోళ్ళు వాదులాడుతుంటరు. ఒకలు చట్టంతోని అన్నీ అయితయంటరు, ఇంకొకలు మనుషుల మనసులు మారాలంటరు. మా వదినె ఇంట్ల ఎవరి మనసూ మారలేదు. ముసలామె ఇయ్యాల్టికి కూడ ఆడపిల్లను తొందరగ ఇచ్చేస్తే గుండెల మీద బరువు దిగుతదనే అంటది. మరి ఏమయింది? నోరు లేని కోడలుకు సర్కారు ఒక సాకు ఇచ్చింది. "నేను వద్దంటలేనత్తమ్మా, వాళ్ళు వద్దంటున్నరు" అని చెప్పుకునే సాకు. ఆమె దాన్ని కొంగున ముడేసుకొని, అక్కెరకొచ్చిననాడు ముడి విప్పింది. నన్నడిగితే సర్కారు చేయగలిగే పెద్ద పని ఇదే.

పేదింటి ఆడపిల్ల పెండ్లికి సర్కారు పైసలిచ్చే ఈ కల్యాణలక్ష్మి 2014 అక్టోబర్ 2న మొదలయింది. మొదలు ఎస్సీ ఎస్టీ ఆడపిల్లలకు 51 వేలు, మైనారిటీలకు షాదీ ముబారక్ పేరుతోని అంతే. 2016ల బీసీలను, ఓసీల్ల పేదోళ్ళను కలిపిన్రు. 2017ల 75,116 చేసిన్రు, 2018ల 1,00,116. ఆ నూట పదహార్లు చూడు, సర్కారు చెక్కు గూడ పెండ్లి కట్నాల లెక్కనే రాసుకున్నది! చెక్కు తల్లి పేరు మీద వస్తది. ఇది ఎవరు ఆలోచించిన్రో గాని మంచిగ ఆలోచించిన్రు. మా దిక్కు చానమంది ఆడోళ్ళకు సంఘం ఖాతా, ఉపాధిహామీ ఖాతా తప్పితే తమ పేరు మీద పడ్డ పెద్ద పైస అదే. పెండ్లి నాటికి పిల్లకు 18 నిండాలె, కాగితం ఉండాలె, తహసీల్దార్ ఆఫీసుల చూడాలె. పైసలకంటె ఆ కాగితంతోనే నాకు ఎక్కువ పని కనవడుతుంది.

అన్ని ఇండ్లల్ల వదినె లాంటోళ్ళు ఉంటరనుకోకు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదోసారి లెక్క తీసినప్పుడు, మన తెలంగాణల 20 నుంచి 24 ఏండ్ల ఆడోళ్ళల్ల నూటికి 23.5 మందికి పద్దెనిమిది నిండకముందే పెండ్లయిందని తేలింది. నలుగురిల దగ్గరదగ్గర ఒకలు. పథకం వచ్చినంక లెక్క ఇది! పిల్లను గుడి కాడికి తీసుకపోయి తాళి కట్టిచ్చి, పద్దెనిమిది నిండినంక మళ్ళ పెండ్లి ఫోటోలు దిగి దరఖాస్తు పెట్టుకునేటోళ్ళు మన నడుమనే ఉన్నరు. కాగితానికి ఒక పెండ్లి, కడుపుల భయానికి ఒక పెండ్లి.

చట్టాన్ని చూసి ఊరి పొలిమేర దాటుడు మనోళ్ళకు కొత్త కాదు. శారదా చట్టం 1929ల వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లగానికి 18 నిండాలన్నది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. నడుమ ఆరు నెలలు దొరికినయి. ఇంకేంది, దేశమంత ఉయ్యాలల ఉన్న పిల్లలకు సైతం ముహూర్తాలు పెట్టుకున్నరు. తారీఖు దాటినంక తెల్లదొరల రాజ్యంల ఉన్న కోస్తా ఆంధ్రోళ్ళు ఏం చేసిన్రో తెలుసా? ఫ్రెంచోళ్ళ చేతుల ఉన్న యానాం పోయి పిల్లల పెండ్లిళ్ళు చేసుకొని వచ్చిన్రు. అక్కడ ఆ చట్టం లేదు కదా. అట్ల ఎన్ని పెండ్లిళ్ళయినయంటే ఆ ఊరికి కల్యాణపురమనే పేరే పడ్డది. మన దిక్కు అంత దూరం పోయే అక్కెరే రాలేదు. మనది నిజాం రాజ్యం, ఆ చట్టం మన సరిహద్దు కాడనే ఆగింది.

అప్పుడు మన దిక్కు ఈ ముచ్చట ఎత్తినోళ్ళు సభలోళ్ళు. 1930ల జోగిపేటల మొదటి ఆంధ్ర మహాసభ సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగినప్పుడు, పక్కనే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆడోళ్ళ సభ జరిగింది. 1935ల నాలుగో మహాసభ మన సిరిసిల్లల పెట్టిన్రు, మాడపాటి హనుమంతరావు అధ్యక్షుడు. పిల్లల చదువు, చిన్నపెండ్లిళ్ళు, వితంతువుల బతుకు గురించి ఆ సభలల్ల మాట్లాడిన్రు. సర్కారు అడుగు ముందుకు పెట్టనప్పుడు, చీర కొంగు తల మీద కప్పుకొని వేదిక ఎక్కిన ఆ ఆడోళ్ళను తల్చుకుంటే నాకు ఇప్పటికీ రోమాలు లేస్తయి.

మళ్ళ ఇంకో దిక్కు చూడు. వితంతువులు మళ్ళ పెండ్లి చేసుకోవచ్చునని తెల్లదొరల సర్కారు 1856లనే చట్టం చేసింది. మన తెలుగు నేల మీద వీరేశలింగం పంతులు రాజమండ్రిల మొదటి వితంతు వివాహం జరిపిచ్చింది 1881 డిసెంబర్ 11న. నడుమ పాతికేండ్లు. ఆ పాతికేండ్లు చట్టం కితాబుల పండుకున్నది. వాడుకునేటోళ్ళు ఇంట్ల ఒకలన్న లేకుంటే సర్కారు ఇచ్చిన సాకు ఎందుకు పనికొస్తది?

ఇప్పుడు నాకు కోపం వచ్చే ముచ్చటకు వస్త. కట్నం.

వరకట్న నిషేధ చట్టం 1961ల వచ్చింది. నేను పుట్టకముందు. తీసుకున్నోళ్ళకు, ఇచ్చినోళ్ళకు ఇద్దరికీ కనీసం అయిదేండ్ల జైలు అని తర్వాత గట్టిగ మార్చిన్రు. ఎన్ని వరపూజలు చూసి ఉంటవు నువ్వు? మా ఇంటి ముంగట టెంటు ఏసి, బండి తాళంచెవి పళ్ళెంల పెట్టి, పసుపు కుంకుమ చల్లి, ఫోటోగ్రాఫర్ "అన్నా ఇటు చూడు" అంటుంటే ఇచ్చిన్రు. నేరం చేస్తూ ఇంత మంచిగ ఫోటో దిగేది ఇంకేదన్న ఉన్నదా? ఇచ్చుడు గూడ నేరమే కాబట్టి ఇచ్చినోడు కేసు పెట్టనీకె జంకుతడు, తీసుకున్నోడు ఎట్లయినా పెట్టడు. పిల్ల చచ్చిపోయినంకనో, పుట్టింటికి తోలినంకనో గాని ఆ చట్టం గుర్తుకురాదు. ఇద్దరికీ ఇష్టమున్నకాడ సాకు ఎవరికి కావాలె? పిల్ల బాపుకు గూడ మనసుల ఒక మూల "నా బిడ్డకు ఇంత ఇచ్చిన" అని చెప్పుకునే ఇష్టం ఉంటది చెల్లే, అబద్ధమెందుకు.

ఇంకో తమాష. ఈ మధ్య సంబంధాలు మాట్లాడేటప్పుడు పెద్దమనుషులు ఏమంటున్నరో విన్నవా? "మీకు కల్యాణలక్ష్మి లక్ష వస్తది కదా, అది ఎట్లయినా మీది కాదు, దాన్ని గూడ కలిపి అయిదు చేయున్రి." చిన్నపెండ్లి ఆపనీకె ఇచ్చిన పైస కట్నంల కలిసిపాయె. 2023 ఎన్నికలప్పుడు కాంగ్రెసోళ్ళు లక్షకు తోడు తులం బంగారం గూడ ఇస్తమన్నరు. అది విన్ననాడు మా వాడల చప్పట్లు కొట్టిన్రు. నేను మాత్రం అనుకున్న, ఆడపిల్ల పెండ్లంటె పైసలు బంగారం లేకుంట కాదని సర్కారే రాసి ఇచ్చినట్టయింది కదా అని. ఒక చేత్తోని చట్టం, ఇంకో చేత్తోని తులం. పేదోళ్ళకు ఇయ్యద్దని నేను అంటలేను. ఇచ్చేది పిల్ల డిగ్రీ అయినప్పుడు ఇయ్యవచ్చు, కొలువుల చేరిననాడు ఇయ్యవచ్చు. పెండ్లినాడే ఎందుకు?

సారా ముచ్చట గూడ అట్లనే. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళు 1992ల సారా మీద కొట్లాట మొదలుపెడ్తె రాష్ట్రమంత లేచింది. ఎన్టీఆర్ 1995 జనవరి 16 నుంచి మద్యనిషేధం పెట్టిండు. రెండేండ్లు. 1997ల ఎత్తేసిన్రు. ఖజానాకు నష్టమట. ఇప్పుడు మా దిక్కు బెల్టుషాపు లేని ఊరు చూపెట్టు, నీకు పట్టుచీర పెడ్త. సర్కారుకే లాభమున్న అలవాటును సర్కారు మాన్పిస్తదని కూసునుడు మన పిచ్చి.

ఇగ నా సొంత ముచ్చట చెప్త. ఇది ఎవరికీ చెప్పలే, నీకే.

మా బాపు పోయి ఆరేండ్లయింది. చెరువు కింద మూడెకరాలు, చెల్క రెండెకరాలు ఉన్నయి. మేము ముగ్గురం, పెద్దక్క, నేను, తమ్ముడు. చట్టం నాకెర్కే. బాపు సొంతంగ సంపాయించిన దాంట్ల బిడ్డకు గూడ పాలుంటదని 1956లనే రాసిన్రు. పిత్రార్జితంల అప్పటికి పెండ్లికాని ఆడపిల్లకు కొడుకుతోని సమానం అని 1985 సంది అమలయ్యేటట్టు ఎన్టీఆర్ సర్కారు చట్టం చేసింది. దేశం మొత్తానికి అదే మాట 2005ల వచ్చింది, అంటే ఇరవై ఏండ్లకు. ఈ విషయంల మనోళ్ళు ముందు నడిచిన్రని నేను నలుగురికి గొప్పగ చెప్పేదాన్ని. డ్వాక్రా సంఘం మీటింగుల ఆడోళ్ళకు ఇదే చెప్పిన గూడ, "మన పాలు మనం అడగాలె" అని.

బాపు నెలమాసికం అయినంక తమ్ముడు వచ్చిండు. చేతుల కాగితం. "అక్కా, పట్టా మార్పిచ్చాలె. తహసీల్దార్ కాడ వారసులందరి సంతకాలు కావాల్నట. ఒక్క సంతకం." మరదలు తలుపు చాటున నిలబడి ఉన్నది. అవ్వ వాకిట్ల కూసొని నేలకు చూస్తుంది. నేను కళ్ళద్దాలు వెతుక్కున్న, పెన్ను అడిగిన, సంతకం పెట్టిన. చదవను గూడ చదవలే.

ఆ తర్వాత ఫాల్గుణంల తమ్ముడు నాకు ఒడిబియ్యం పోసిండు. మంచి బియ్యం, పసుపు కలిపి, కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, వక్కలు, పట్టుచీర, జాకెట్ గుడ్డ. ఒడి నిండింది. మూడెకరాల్ల నా పాలు తూకం వేస్తే ఎంత, ఈ అయిదు సోలల బియ్యం ఎంత అని నేను లెక్క వేయలేదనుకుంటున్నవా? బియ్యం పోస్తుంటే వేసిన. కండ్ల నీళ్ళు వచ్చినయి. పుట్టింటి మీద ప్రేమ అనుకొని అందరు మెచ్చుకున్నరు.

మరి నేను ఎందుకు అడగలే? ఎదురింటి వదినె అత్తమ్మతోని అన్నట్టు, "నేను అడుగుతలేను తమ్మీ, సర్కారు ఇయ్యమంటుంది" అని నేను అనచ్చు కదా. నోట్లకు రాలే. అత్తమ్మ ముంగట సర్కారును అడ్డం పెట్టుకుంటే కోడలుకు పోయేది ఏం లేదు. తమ్ముని ముంగట పెట్టుకుంటే పుట్టింటి వాకిలి పోతది. రాఖీకి పోయినప్పుడు నీళ్ళు ఇచ్చేటోళ్ళు ఎవరు, నేను పోయిననాడు తలకొరివి కాడ మా పుట్టింటి చీర పట్టుకొచ్చేటోళ్ళు ఎవరు? చట్టం రాసినోళ్ళు భూమి లెక్క రాసిన్రు. ఒడిబియ్యం లెక్క వాళ్ళకు తెల్వదు. నేను మీటింగుల చెప్పిన మాటను నేనే ఇంట్ల మింగిన. నన్ను తిట్టుకో, తిట్టుకునే హక్కు నీకున్నది.

ఆచారాలన్నీ ఇట్ల తీయగ చేదుగ కలిసి ఉండవు. కొన్నిట్ల తీపి పేరుకు గూడ ఉండదు. మన కరీంనగర్, నిజామాబాద్ ఊర్లల్ల జోగినిని చూసినోళ్ళకు ఎరుక. దళితుల ఇంటి పసిపిల్లను ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చినమని చెప్పి, దేవునితోని పెండ్లి చేసి, ఎదిగినంక ఊరి దొరలకు వదిలేసేది. దేవుని పేరు, దొరల అవసరం. దొరల బిడ్డను జోగిని చేసిన ఊరు ఒక్కటన్న విన్నవా? 1988ల ఉమ్మడి రాష్ట్ర సర్కారు దేవదాసీ సమర్పణ నిషేధ చట్టం తెచ్చింది. పిల్లను అట్ల ఇచ్చుడు నేరమన్నది. నాకు నచ్చిన మాట అందుల ఇంకోటున్నది: అట్ల ఇచ్చిన ఆడామె కావాలంటే పెండ్లి చేసుకోవచ్చు, ఆ పెండ్లి చెల్లుతది. ఊరంత "నువ్వు దేవుని పెండ్లానివి" అంటుంటే "కాదు, నేను మామూలు ఆడదాన్ని" అని చెప్పుకునే కాగితం దొరికింది ఆమెకు.

కాగితం ఇంటికి నడిచి రాదు కదా. కవి జాషువా బిడ్డ హేమలతా లవణం నిజామాబాద్ జిల్లా ఊర్లు పట్టుకొని తిరిగి, జోగినుల ఇండ్లల్ల కూసొని, వర్నిల వాళ్ళ కొరకు ఒక ఇల్లు నిలబెట్టింది. దానికి పెట్టిన పేరు "చెల్లి నిలయం". జోగిని అని పిలిచిన నోళ్ళకు "చెల్లి" అనే పిలుపు నేర్పుడుతోనే పని మొదలుపెట్టిందన్నమాట. ఆ ఒక్క పేరు వెనుక ఎంత ఆలోచన ఉన్నదో!

ఆదిలాబాద్ దిక్కు పోతే నా తెలివి ఇంకో తీరుగ మారింది. మా ఆడబిడ్డ బిడ్డ ఉట్నూరు అవతల టీచర్. ఒకసారి పుష్య అమాసకు కేస్లాపూర్ నాగోబా జాతరకు తీసుకపోయింది. మెస్రం వంశపోళ్ళు కొత్త కోడండ్లను తెల్లచీరలల్ల దేవుని ముంగటికి తీసుకపోయి పరిచయం చేస్తరు. భేటింగ్ అంటరు. జాతర అయినంక దర్బార్. కలెక్టర్, పెద్ద ఆఫీసర్లు, మంత్రులు అక్కడికే వచ్చి గోండుల గోస వింటరు. సర్కారు జనం కాడికి పోయి కింద కూసునుడు నేను అక్కడనే చూసిన.

ఆ దర్బార్ ఊరికే రాలే. 1940ల జోడేఘాట్ కాడ కొమురం భీంను చంపినంక, ఈ అడవి జనానికి ఇంత కోపమెందుకు వచ్చిందో కనుక్కొమ్మని నిజాం సర్కారు పరిశోధకుడు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన భార్యతోని మార్లవాయిల గుడిసె వేసుకొని ఉన్నడు. జనంతోని తిన్నడు, వాళ్ళ పెండ్లిళ్ళు చావులు చూసి రాసుకున్నడు. గోండి భాషల బడులు పెట్టిచ్చిండు. ఆమె 1987ల చనిపోతే సమాధి మార్లవాయిలనే కట్టిన్రు. మొదలు తుపాకి పంపిన సర్కారే తర్వాత "మీ బాధ ఏంది" అని అడిగే మనిషిని పంపింది. వరుస తప్పింది గాని, అడుగుడయితే అడిగింది.

గోండులల్ల పిల్లనిచ్చేటోళ్ళు పైసలు ఇచ్చుడు పాత ఆచారం కాదు, పిల్లగాని దిక్కోళ్ళే ఓలి ఇచ్చేది. మొగడు పోయిన ఆడామె మళ్ళ మనువు పోవచ్చు, దానికి వాళ్ళకు 1856 అక్కెర లేదు, వీరేశలింగం అక్కెర లేదు. హిందూ వివాహ చట్టం సైతం గిరిజనులకు వర్తించదు. వాళ్ళ లగ్గాలు వాళ్ళ రివాజు ప్రకారమే. మా టీచరమ్మ చెప్పిందేందంటే, ఇప్పుడు మైదానం నుంచి వచ్చిన మన అలవాట్లు చూసి కొన్ని ఇండ్లల్ల బండి అడుగుడు మొదలయిందట. మనం "నాగరికత" అనుకొని అడవికి మోసుకపోయింది కట్నమన్నమాట! ఎవరు ఎవరిని సంస్కరించాలె చెప్పు?

మన ఊర్లల్ల ఇంకో సర్కారు గూడ ఉన్నది. జగిత్యాల, నిర్మల్, ఆర్మూర్ దిక్కు ఊరూర గ్రామాభివృద్ధి కమిటీలు. ఏ చట్టంల లేవు. బెల్టుషాపు వేలం పాడేది వాళ్ళే, జుర్మానా వేసేది వాళ్ళే, మాట విననోళ్ళకు ఊర్ల ఎవరూ పాలు పోయద్దు, మంగలి పోవద్దు అని బంద్ పెట్టేది వాళ్ళే. కలెక్టర్ ఉత్తరువు కంటె కమిటీ డప్పు సాటింపు మా దిక్కు తొందరగ చేరుతది. నాకు కోపమూ వస్తది, ఒక ఆశ గూడ పుడ్తది. ఇంత బలం ఉన్నోళ్ళు ఒక్కసారి ఆడోళ్ళ దిక్కు తిరిగితే ఎట్లుంటది?

పక్కన మహారాష్ట్రల ఒక ఊరు అట్ల తిరిగింది. కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్. 2022 మే నెలల ఆ పంచాయతీ తీర్మానం చేసింది: మొగడు చనిపోయిన ఆడామె గాజులు పగలగొట్టద్దు, బొట్టు తుడవద్దు, పుస్తె తెంపద్దు, మెట్టెలు తీయద్దు. నెల తిరగకముందే మహారాష్ట్ర సర్కారు మిగిలిన పంచాయతీలు గూడ ఈ బాటల నడవాలని ఉత్తరువు ఇచ్చింది. ముందు ఊరు, వెనుక సర్కారు. మెట్టెలు తీసిన కాలివేళ్ళ మీద ఆ తెల్ల గీత ఎన్నేండ్లకూ పోదు, చూసినవా ఎప్పుడన్న?

నేను చూసిన. మా పెద్దక్కకు. బావ పోయి పద్నాలుగేండ్లయింది. పదో దినంనాడు బాయి కాడ అక్క గాజులు పగలగొడ్తుంటే నేను పక్కనే నిలబడ్డ. చేతికి గాజు పెంకు గుచ్చుకొని నెత్తురు వచ్చింది, ఎవరూ చూడలే. అప్పటి సంది అక్కకు పుట్టింట్ల ఒడిబియ్యం లేవు. ముత్తైదువలకే పోస్తరు కదా. పట్టా కాగితం మీద సంతకం మాత్రం నాతోపాటు అక్కతోని గూడ పెట్టిచ్చుకున్నరు. దానికి ముత్తైదువ కావాలన్న నియమం లేదు మరి.

సకినాలు సుట్టిన రాత్రి తమ్మునికి ఫోన్ చేసిన. ఈ ఫాల్గుణంల మళ్ళ నాకు ఒడిబియ్యం పోసే ఏడు. అన్న: "తమ్మీ, నాకు పోసిననాడు పెద్దక్కకు గూడ పొయ్యాలె. ఇద్దర్నీ ఒకే సాప మీద కూసోబెట్టాలె. లేకుంటే నాకూ వద్దు." వాడు కొంచెంసేపు మాట్లాడలే. "ఊరోళ్ళు ఏమంటరక్కా" అన్నడు. దీనికి చెప్పనీకె నా కాడ సర్కారు సాకు ఒక్కటి గూడ లేదు. జీవో లేదు, చెక్కు లేదు, ఆధార్ లేదు. "నేను అంటున్న తమ్మీ" అన్న. అంతే.

పంతులును అడిగి చెప్తనన్నడు. నాలుగు దినాలయింది, ఇంక ఫోన్ రాలే.

నువ్వు మీ ఊర్ల గ్రామసభ ఎప్పుడో కనుక్కొని పో. హేర్వాడ్ ముచ్చట అక్కడ ఎత్తు, నవ్వితే నవ్వనియ్యి. మీ దిక్కు మొగడు పోయిన అక్కకో అవ్వకో ఎవరన్న ఒడిబియ్యం పోసిన్రా? పోస్తే ఎట్ల పోసిన్రు, ముందు ఎవరు ఒప్పుకున్నరు, ఊరోళ్ళు ఏమన్నరు? అన్నీ రాయి చెల్లే. ఫాల్గుణానికి ఇంక రెండు నెలలే ఉన్నది, తమ్మునికి చదివి వినిపియ్యాలె.